కొండ నన్నారి తీగ

నగరిలో బస్సు దిగి నేరుగా అవ్వ పెంచలమ్మ ఇంటికి వచ్చిన లోహిత, మగ్గాల కొట్టం పక్కన నిలబడి, తిరుపతి ల్యాబులో తనతో పనిచేసే గోపీతో ఫోన్లో మాట్లాడుతోంది.

"ఒక్కటీ మిగల్లేదా గోపీ?"

"లేదు లోహితా. అన్ని నన్నారి సీసాల్లోనూ బూజే. వేర్ల మీద దూదిలాగా పరుచుకునింది."

"మూతలు మాత్రం తీయొద్దు, పక్క మొక్కలకు అంటుకుంటాది. ఆవిరిలో ఉడికించి పారెయ్."

"మందుకు పనికొచ్చే సత్తు ఇంతుండే వేరు మనకు ఇంకోటి దొరకలా. అందులోనూ మీ నాయన తెచ్చిన తీగ."

"తల్లి తీగ ఈడ ఉండాది గదా. చిగురు కోసుకోని సాయంత్రం బస్సుకే వస్తా. మళ్లీ మొదలుపెడదాం. పెట్టేస్తా, అవ్వ వస్తా ఉండాది."

"ఎవురే ఆడ? లోహితానా? చెప్పాపెట్టకుండా వచ్చినావే. మొగం సూడు, ఎండకు ఎట్ల వాడిపోయిందో. రా, సంగటి ఉండాది."

"తర్వాత తింటాలే అవ్వా. తాత ఎట్లుండాడు?"

"ఉండాడు. ఏదీ గొంతు దిగేది లేదు. తడిగుడ్డతో పెదాలు తడపతా ఉండాను. నువ్వు కాళ్లు కడుక్కో ముందు."

"పెరట్లోకి పొయ్యొస్తా. బ్లేడు తెచ్చుకున్నా."

"పెరట్లో ఏముండాది, బురద. కూసో. మీ సీసాల సంగతి చెప్పు. నన్నారి పిల్లలు బాగుండాయా?"

"ఆ... ఉండాయి. తీగకు నీళ్లు పోస్తా ఉండావా?"

"ఆ పొద్దు ఫోన్లో చూపించినావే, మన్ను లేదు, ఆకు లేదు, సీసా నిండా వేర్లే. మీ తాతకు చెప్తే ఒకటే నవ్వు. నా కొడుకు నాగలాపురం కొండంతా తిరిగి తెచ్చింది, నా మనవరాలు సీసాలో పెంచతా ఉందంటనే అని..."

"అవ్వా, తీగకు నీళ్లు..."

"సంగటి సల్లారిపోతాది పాపా."

"పక్కకు జరుగవ్వా. జరుగు... ఈడేంది, తీగుండే చోట గుంత ఉండాది?"

"మీ తాత నోరు తెరిస్తే ఒకటే మాట. మురుగేషు వచ్చినాడా, నన్నారి తెచ్చినాడా. పోయిన మీ నాయనను నేను యాడ నుంచి తెచ్చేది? పొద్దున్నే తవ్వేసినా."

"మొత్తమా? చిన్న వేరన్నా, కణుపన్నా..."

"వేరంతా దంచి కషాయం కాంచేసినా. తీగను మేకలు తినేసినాయి. నీ కాడ అన్నుండాయి గదా అని ధైర్యం. లేకుంటే నా కొడుకు నాటిందాన్ని నా చేతులతో పీకుదునా?"

"తాగినాడా తాత?"

"రెండు చెంచాలు దిగినాయి. కండ్లు తెరిచి, వచ్చినావా నాయనా అన్నాడు. ఏందే, ఏడస్తా ఉండావు? తప్పు చేసినానా?"

"లేదవ్వా. మంచి పనే చేసినావు."

"అట్లయితే రేపు నీ సీసాల్లోది ఒకటి తెచ్చియ్యి పాపా. మళ్లీ అడగతా ఉండాడు."