మారెక్క గదిలో ఎముకల డబ్బా

మారెక్కకు కోపమొస్తే పట్టుపురుగులు కూడా మేత ఆపి వింటాయంటారు మా ఊర్లో. మాది మడకశిర పక్కన, చలికాలం పొద్దున్నే నోరు తెరిస్తే పొగ వస్తాది. మనిషైతే దుప్పటి కప్పుకుంటాడు, పురుగుకు ఏం కప్పుతావప్పా? గది వెచ్చగుంటేనే అది మేస్తాది, మేస్తేనే గూడు కడతాది. ముందంతా ఎవరింట్లో వాళ్లు బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లంట. పొగకు సగం పురుగు పోయేది, మిగిలిన సగం కట్టిన గూళ్లు దళారి రామకిష్టప్ప చెప్పిన రేటుకు పోయేవి. అట్లుంటే ఏమైందంటే, మారెక్కతో కలిపి నాలుగిళ్ల ఆడవాళ్లు ఒకటైనారు. ఒక పొడుగు ఇల్లు కట్టినారు, వరసగా నాలుగు గదులు, ఇంటికొక గది. ఒక కొసన బాయిలరు. అందరి పురుగులకూ ఒకే మంట. దున్నేవానిదే భూమి అని గోడల మీద రాసేవాళ్లు చానామంది ఉన్నారు గదా, పెంచేవాళ్లదే గూడు అని వీళ్లు రాయకుండానే చేసి చూపించినారనుకో.

బెంగుళూరులో ఏదో దొరల కాలం బంగళా కూలగొడితే, హిందూపురం మేస్త్రీ ముస్తఫా పాత ఇనుము అమ్మే గుజిరీ అంగడిలో వెతికి గదికొక ఇనుప డబ్బా తెచ్చిచ్చినాడు. పక్కటెముకలు నిలబెట్టినట్టుంటాది చూసేకి. రేడియేటరు అంటారంట దాన్ని, మేము ఎముకల డబ్బా అంటాం. దొర కాళ్లు కాచుకున్న వెచ్చదనం మా ఊరి పురుగుకొచ్చిందంటే అది చిన్న సంగతా, మీరే చెప్పండి. బాయిలరులో నీళ్లు మరిగితే ఆవిరి గొట్టంలో పోయి డబ్బాలోకి దూరతాది. డబ్బా పక్కన వేలంత ముక్కు ఒకటి ఉంటాది. లోపలున్న గాలి ఆ ముక్కు రంధ్రంలోనుంచి బుస్సుమని బయటికి పోవాల, అప్పుడే ఆవిరికి చోటు. ఆవిరి తగలగానే ముక్కు దానంతటదే మూసుకుంటాది. ముస్తఫా అదంతా చెప్పిపోయినాడు, వీళ్లు విన్నారు. మొదటి చలికాలం నాలుగు గదులూ ఒకే మాదిరి వెచ్చగున్నాయంట. రామకిష్టప్ప వచ్చి చూసి, ఒక కొళాయి కాడ నీళ్లు పట్టుకోలేని ఆడోళ్లు ఒక మంట పంచుకుంటారా, ఎన్నాళ్లుంటాదో చూద్దాం అని నవ్వి పోయినాడు.

మళ్లా చలికాలమొచ్చింది. బాయిలరు వెలిగించినారు. మూడు గదులు వెచ్చగైనాయి, బాయిలరుకు దూరంగా అవతలి కొసనున్న మారెక్క గది మాత్రం బావిలో రాయి మాదిరి చల్లగానే ఉండాది. పురుగు తోలు విడిచేదాన్ని జ్వరం అంటాం మేము. నాలుగో జ్వరం నుంచి లేచినాక పురుగు ఆకు మీద పడి తినాల. మారెక్క తట్టల్లో ఆకు వాడిపోతాండాది, పురుగు తల కూడా ఎత్తదు. సరే అని కట్టెలు ఇంకా తోసినారు. ఏమైందంటే, బాయిలరు పక్కన మొదటి గది గంగులమ్మది, ఆమె పురుగులు ఉక్కకు సొమ్మసిల్లినాయి, మారెక్క గదిలో చలి చలిగానే ఉండాది. ఎంత పోసినా ఉన్నచోటికే పోతాండాది, లేనిచోటికి రాలేదు. మన దేశం లెక్కనే అనుకో.

ఇంక మొదలైంది. గంగులమ్మే గొట్టానికేదో చేసి వేడంతా పట్టుకుంటాందని మారెక్క. నీ కడుపులో ఉన్నంత మంట చాలదా నీ గదికి, నా వేడి మీద ఏడుస్తావని గంగులమ్మ. ఆ మాట ఈ మాట పెరిగి, నా భాగం ఇటుకలు నేను పీక్కపోతా, నా కుంపటి నేను పెట్టుకుంటా అనింది మారెక్క. ఆ మాట ఎవరు మోసినారో ఏమో, మధ్యాన్నానికే రామకిష్టప్ప కుంపట్లు బండికేసుకోని వాకిట్లో దిగినాడు. కావాలంటే ఈడనే దించుతాను, గూళ్లు మాత్రం పాత పద్ధతే, నేను చెప్పిన రేటుకే అన్నాడంట.

మారెక్క ఆ కుంపట్లను చూసింది. పొగకు నల్లబడిన తట్టలు మతికొచ్చినాయేమో, వాణ్ణి కూర్చోమని కూడా అనలేదు, లోపలికి పోయింది. గొట్టం మీద చెయ్యి పెట్టింది, కాలింది. చెయ్యి జరుపుకుంటా వచ్చింది, డబ్బా మొదలు దాకా కాలుతానే ఉండాది. డబ్బా మీద పెట్టింది, చల్లగా! అంటే ఆవిరి డబ్బా వాకిలి దాకా వచ్చి నిలబడిపోయింది, లోపలికి రానిచ్చే దిక్కు లేదు. గంగులమ్మ పట్టుకోలేదు. మరి ఎవరు? అప్పుడు ముక్కు దిక్కు చూసింది. ముక్కు బుస్సుమనాల గదా, మాటే లేదు. చూస్తే ఏముండాది? దసరాకు ఆయుధపూజ చేసినారు గదా అందరూ. బాయిలరుకు, గొట్టాలకు, డబ్బాలకు పసుపు పూసి బొట్లు పెట్టినారు. తక్కినోళ్లు వేలితో తాకించి వదిలేసినారు. మారెక్క మాత్రం, నా డబ్బా అందరికంటే బాగుండాల అని, గంధం పసుపు కలిపి ముద్దగా మెత్తి, సరిగ్గా ముక్కు మీద రూపాయంత బొట్టు పెట్టింది. అదంతా ఎండి రాయైపోయి ఉండాది.

ఇప్పుడు చెప్పండప్పా, మీరైతే ఏం చేసేవాళ్లు? గోటితో గీకేసి, దానంతటదే బాగైందని ఊరుకునేవాళ్లు. నేనైతే అదే చేద్దును. మారెక్క వాకిట్లోకొచ్చి, రామకిష్టప్ప వింటాంటే, గంగులమ్మను పిలిచింది. "అక్కా, ఇట్ల రా. నా డబ్బాకు ఊపిరాడకుండా చేసింది నువ్వు కాదు, నేనే."

గంగులమ్మ వచ్చి చూసింది. "మే మారీ, నువ్వు దేవునికి మొక్కినా ఆయన ముక్కు పట్టుకోనే మొక్కుతావు" అనింది. అని, తన గాజులకున్న పిన్నీసు తీసి చేతికిచ్చింది. మారెక్క పొడిచి తిప్పింది. పసుపు పెళ్ల ఊడి పడింది, బుస్సుమని గాలి బయటికొచ్చింది. వస్తానే ఉండాదంట, ఒక ఏడాది కోపం వదిలినట్టు. తర్వాత ఒక్కో ఎముకా వెచ్చబడింది, అటుపక్క గంగులమ్మ గది ఉక్క తగ్గింది. పొద్దుగూకేసరికి మారెక్క తట్టల్లోనుంచి ఆకు నమిలే చప్పుడు వాకిట్లోకి వినపడిందంట. రామకిష్టప్ప బండి అప్పటికే ఊరి బయట వంక దాటింది.

ఆ పంట గూళ్లు నలుగురూ ఒక్క రాశిగా పోసి, ఒక్క బండిలో హిందూపురం మార్కెట్టుకు తామే తోలుకపోయినారు. బండి ముందర మారెక్కే కూర్చుంది, ఎవరూ కూర్చోమనలేదులే. ఇప్పటికీ దసరాకు ఎముకల డబ్బాలకు పసుపు పూస్తారు మా ఊర్లో, ముక్కును మాత్రం వదిలేస్తారు. పూసేటప్పుడు గంగులమ్మ పిన్నీసు పట్టుకోని మారెక్క పక్కనే నిలబడుకోనుంటాది. కావలి కాదంట, తోడంట.