గాలివాటం జుట్టు

(సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చెక్కవంతెన. జోరుగాలి. బావా, బావమరిదీ.)

“…పట్టుకో బావా, పట్టుకో, పట్టు— పోయింది!”

“ఏది పోయింది? టోపీనా?”

“టోపీ కాదు, జుట్టు! నా జుట్టు నీళ్లలో పడింది!”

“ఓరినీ! జుట్టు ఊడటం చూశాను గానీ, ఈదటం ఇదే చూడటం!”

“నవ్వకు బావా! ఇంకాసేపట్లో ఆ పిల్ల వాళ్ల నాన్నని తీసుకొస్తోంది, నన్ను చూపించడానికి. ఈ బోడిగుండు చూస్తే పిల్లనిస్తాడా?”

“అది పెట్టుడు జుట్టని ఆ పిల్లకి చెప్పావా?”

“అంటే… చెబుదామనే అనుకున్నా.”

“ఎప్పుడు?”

“గాలి లేనప్పుడు.”

“ఏడిశావు! సముద్రంలో తేలే డబ్బాలు వదిలి, గాలికి అవి ఎటు కొట్టుకుపోతాయో కనిపెట్టడమే కదరా నా ఉద్యోగం? గాలికి వీపు పెట్టి నిలబడు.”

“నిలబడ్డా.”

“కుడిచెయ్యి చాపు. ఎటుంది?”

“ఒడ్డు వైపు. అయితే?”

“పైనీరు గాలి వెంట తిన్నగా పోదు. భూమి గిర్రున తిరుగుతోందిగా, అందుకని భూమధ్యరేఖకి ఎగువనున్న మన దగ్గర కాస్త కుడికి మళ్లుతుంది. అంటే నీ జుట్టు ఒడ్డుకే!”

“అదే గాలి అటు నుంచి ఇటు వీచుంటే?”

“పైనీరు లోపలికి పోయేది, అడుగునున్న చన్నీళ్లు పైకొచ్చేవి. చేపలకి పండగ, నీకు దండగ! ప్రవాహం కుదిరితే వివాహం కుదిరినట్టే. పద, ఆ రాళ్లగట్టుకి!”

“మెల్లిగా బావా, నెత్తిమీద తువ్వాలు జారుతోంది!”

(రాళ్లగట్టు.)

“అదిగో! నాచులో, నల్లగా! దొరికింది బావా!”

“చూశావా? నా లెక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఊఁ, పిండి పెట్టుకో.”

“కాస్త బిగుతుగా ఉందేంటి?”

“తడిసింది కదా, కుంచించుకుంది.”

“చెవుల దగ్గర నెరిసిందేంటి?”

“నెరిసింది కాదురా, ఉప్పు.”

“పాపిడి కుడివైపుకొచ్చిందేం?”

“చెప్పాగా, భూమి తిరుగుతోందని!”

“బావా, అదిగో వస్తోంది! నవ్వకు. మామూలుగా ఉండు.”

“నేను మామూలుగానే ఉన్నా. నువ్వే కారుతున్నావు.”

“ఏయ్, ఇక్కడున్నావా! నీకోసం వంతెనంతా వెతికా.”

“గాలి బాగుందని… నాన్నగారు రాలేదా?”

“ఎప్పుడో వచ్చారు. రేవులో కారు దిగగానే గాలికి ఆయనదొకటి ఎగిరి నీళ్లలో పడింది.”

“టోపీనా?”

“టోపీ కాదు. ఇందాకే ఈ గట్టుకే కొట్టుకొస్తే ఏరుకున్నారు. తడిసి వదులైందిట గానీ, పదేళ్ల వయసు తగ్గిందని ఒకటే మురిసిపోతున్నారు.”

“బావా…”

“నన్ను చూడకు. నేను గాలికి వీపు పెట్టాను.”

“అలా మొహం వేలాడేయకు. నీది విగ్గని నాకు మొదటిరోజే తెలుసు. మా నాన్నకి కొనిపెట్టేది నేనేగా! అందుకే, ఇప్పుడు నువ్వు పెట్టుకున్నది ఆయనదని కూడా తెలుసు. నీది ఆయన నెత్తిమీదుంది. వెళ్లి అడుగు. ముందు పిల్లని అడుగుతావో, జుట్టు అడుగుతావో నీ ఇష్టం!”