మారెక్క ఇచ్చిన ఎర్రగింజలు

యాడ ఏరుకొచ్చినావు పాపా ఆ ఎర్రగింజల్ని? ఇట్లా తే, చూస్తా. గురివిందనా? మీ కాలేజీలో ఇదేనా నేర్పిస్తాండేది! గురివిందకు మూతి నల్లగుంటాది, అది కంచెకు పారే తీగ. దీనికి మచ్చ యాడుండాది? ఇది బండి గురివింద. మాను. కాయ ఎండి, మెలి తిరిగి, పగిలినా గింజ కింద పడదు, తొక్కను పట్టుకోని యాలాడతాంటాది. మారెక్క గూడా అంతే, పట్టిందంటే ఇడ్సదు. ఎవరా? మీ అవ్వనడుగు, నోరు మూసుకుంటాది. ఊరంతా మూసుకునిందిలే. థూ!

మొగుడు లేడు, పిల్లల్లేరు, ఇంటెనక ఆ మానొకటి ఆయమ్మకు. వాళ్ళ నాయన కుందుర్పిలో బంగారం పని చేసే ఆచారిని అడిగి తెచ్చి ఏసినాడంట. బంగారం తూకమేసే గింజలు గదా, అన్నీ ఒకే బరువుంటాయి. ఎండాకాలం ఆకంతా రాల్చి మోడైపోతాది. "సచ్చింది, కొట్టెయ్యి మారెక్కా" అంటే గోరుతో బెరడు గీరేది. "చూడప్పా, లోపల పచ్చగుండాది. నీళ్ళు లేవని ఒళ్ళు దాచుకునింది. నీకుండాదా ఆ తెలివి?" అనేది.

రెండువేల రెండులో, కరువులో, చెట్లు పెంచే పథకమొచ్చింది. ఆయమ్మ చాటెడు గింజలు ఊరకే ఇచ్చింది. ఇస్తా ఇస్తా నర్సరీ పనోనికి ఒకటే మాట చెప్పింది. "ఒక్కో గింజను రాతికేసి గీరల్ల నాయనా. లోపల తెలుపు కనపడల్ల. అప్పుడే నీళ్ళు తాగుతాది, లేకుంటే మొలవదు." చాటెడు గింజలు పాపా! ఎవడు రుద్దుతాడు? అట్లే కవర్లలో కుక్కేసినారు. నెల, రెండు నెలలు. ఒక్క మొలక లేదు.

ఇంగ చూడు, ఆ పథకం కమిటీకి పెద్ద బయ్యన్న, పంచాయతీ పెట్టినాడు. "ఉడకబెట్టి ఇచ్చినావు! ఆ మాను నీ ఒక్కదానింట్లోనే ఉండల్లనా?" అన్యాయం గాదా? ఉడకబెడతాదా, బిడ్డ మాదిరి సాకినామె? వాని నోట్లో మన్ను పడ! గురివింద తన కింద నలుపెరగదంటారే, వాడే! ఒక్కరన్నా అడిగినారా, గింజ గీరినారా లేదా అని? ఆయమ్మే అడిగింది. ఆయమ్మకుండేది మాటొకటే గదా, అది పోతాండాది. అందరి ముందర లేసి నిలబడి... నా తట్టు చూసింది. "పుల్లన్నా, గీరినావా లేదా, నువ్వే చెప్పు."

గీరినానక్కా అంటి.

ఏందట్లా చూస్తావు? కూలి పోతాదని బయం. ఆపొద్దు నుండి ఆయమ్మ కొళాయి కాడికి గూడా రాలేదు. శివరాత్రికి పానం పోయింది. మూడేండ్లకు బాగా వాన పడినాక, నర్సరీ ఎనక పారబోసిన ఆ కవర్ల మన్నులో మొలకలు లేసినాయి. నువ్వు ఏరుకొచ్చిండేది ఆ మాన్ల కిందే.

ఇదంతా రాస్తావా? రాయి, నా పేరూ రాయి. ఉండు, ఆ గింజొకటి ఇట్లియ్యి. ఆ రాయి జరుపు. ఈ ఒక్కటన్నా గీరతా పాపా. తెలుపు కనపడల్ల.