మంగళవారం అచ్చులో మూసుకుపోయిన అక్షరాలు

నా పేరు కన్నారావు. తండ్రి సన్యాసిరావు, కాలం చేశారు. వయసు ముప్పై ఆరు. మా వాళ్లది బొబ్బిలి పక్క పల్లె. నేను పుట్టి పెరిగింది రాయగడలోనే. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ మీద అక్షరకూర్పు, అచ్చు పని చేస్తాను. అదే వీధిలో మా అమ్మ బంగారమ్మ కిరాణా కొట్టు నడుపుతుంది. ఈ రోజు 2001 డిసెంబరు 9, ఆదివారం. మధ్యాహ్నం రెండుంపావుకి ఎస్సై గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను. నేను తెలుగులో చెబుతుంటే హెడ్ కానిస్టేబుల్ సింహాచలం గారు రాస్తున్నారు. పొద్దున్నించి ఇదే సంగతి చెప్పడం ఇది మూడోసారి. ఆ మాట కూడా రాయమన్నాను.

తెలుగు బడిలో పదో తరగతి టెస్టు పరీక్షకి లెక్కల ప్రశ్నపత్రం నేనే కూర్చాను. లెక్కల పరీక్ష 12వ తేదీన. నిన్న శనివారం ఆ పత్రం ఒకటి పిల్లల చేతుల్లో కనిపించింది. నా దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్న నాగశ్రీ మీద బడి కమిటీ ఫిర్యాదు ఇచ్చింది. ఆమె కూతురు రామతులసి అదే తరగతి చదువుతోంది, అందుకని. రేపు పది గంటలకి మొదటి పరీక్ష. ఆ పిల్లకి హాల్ టికెట్ ఆపేశారు. టెస్టు రాయనివాళ్లని బోర్డు పరీక్షకి పంపరు. ఏడాది పోతుంది. నాగశ్రీ పదిన్నర నుంచి బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

ఇక అక్షరాల సంగతి. ఎస్సై గారు పొద్దున్నించి ఒక్కటే అడుగుతున్నారు: "అక్షరాలు సీడీలో కొన్నావు కదా, మళ్లీ తయారు చేయడం ఏమిటి?" నేను చెబుతూనే ఉన్నాను. సీడీలో ఉన్నవి గీతల అక్షరాలు. అంటే ఆకారానికి చుట్టూ అంచు మాత్రమే ఉంటుంది. దాన్ని ఎంతైనా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కానీ లెక్కల భిన్నాలు, వర్గమూలాలు పొందిగ్గా కూర్చే ప్రోగ్రాం నా దగ్గర ఒక్కటే ఉంది, దానికి ఆ గీతలు పనికిరావు. చుక్కల అక్షరాలే కావాలి. ప్రతి అక్షరాన్నీ గళ్ల కాగితం మీద పెట్టి, ఏ గడి నలుపో ఏ గడి తెలుపో ముందే తేల్చి ఇవ్వాలి. పది సైజుకి ఒకసారి, పన్నెండుకి ఇంకోసారి. నా ప్రింటరు అంగుళానికి మూడు వందల చుక్కలు వేస్తుంది, లెక్క దానికి సరిపోవాలి. మార్చడానికి వేరే ప్రోగ్రాం ఉంది. అది మారుస్తుంది, మార్చి చంపుతుంది.

సింహాచలం గారు కలం ఆపి, "బాబూ, అయ్యగోరికి బుర్రకెక్కనేదు. ఇంకోపాలి సెప్పు" అన్నారు. ఇంకోపాలి చెప్పాను. మా ఇంటి ముందు వేసే ముగ్గు చుక్కల్లాంటివని చెప్పాను. అప్పుడు ఎస్సై గారు తలూపారు. అర్థమై ఊపారో, విసిగి ఊపారో నాకు తెలియదు.

డిసెంబరు 4, మంగళవారం. ఉదయం తొమ్మిదింటికి పది సైజు మార్చడం మొదలుపెట్టాను. సరిచూడ్డానికి పొడుగాటి తెలుగు పాఠం కావాలి. అన్ని వత్తులూ, అన్ని గుణింతాలూ ఉండాలి. నా దగ్గర కొట్టి సిద్ధంగా ఉన్నది ప్రశ్నపత్రం ఒక్కటే. ఇంకోటి కొట్టే ఓపిక లేక దాన్నే వేశాను. ఇదీ నేను చేసిన పని.

మొదటి కాగితంలో అక్షరాల కడుపులన్నీ మూసుకుపోయాయి. 'వ్యాసార్థం' కింద థావత్తు నల్లముద్ద. గీత ఒక చుక్క ఉండాల్సిన చోట రెండు పడ్డాయి. మార్చే ప్రోగ్రాంలో అంకెలు సవరించి మళ్లీ వేశాను, మళ్లీ ముద్ద. పన్నెండున్నర దాకా తొమ్మిది కాగితాలు వేశాను. తొమ్మిదీ ముద్దే. నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదీ తీసుకుని మూల ఉన్న అట్టపెట్టెలోకి విసిరాను.

నాగశ్రీ ఆ రోజు ఊళ్లో లేదు. ఆదివారం పార్వతీపురం వెళ్లింది, వాళ్ల అన్నయ్య ఇంట్లో గృహప్రవేశం. బుధవారం పొద్దున్న రైలు దిగి నేరుగా పనికి వచ్చింది. ఆమె కూతురు ఆ తరగతిలో ఉందని పత్రం ఆమెకి చూపించొద్దని హెడ్మాస్టారు ముందే చెప్పారు. అందుకే నేనే కొట్టాను, ఫ్లాపీ నా చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగాను. ఆమెకి అక్షరాలు మాత్రమే చూపించాను. ఒక్కొక్కటి తెరంత పెద్దది. "అన్నయ్యా, ఈ థా కడుపులో ఒక్క సుక్క తీసేస్తే సాలు, ఊపిరాడతాది" అంది. బుధ, గురువారాలు కూర్చుని రెండు వందల డెబ్బై అక్షరాలు చుక్క చుక్కగా బాగుచేసింది. శుక్రవారం 7వ తేదీన ఆ బాగుచేసిన అక్షరాలతో ప్రశ్నపత్రాలు వేసి, సీలు చేసి బడికిచ్చాను.

నిన్న నాలుగింటికి హెడ్మాస్టారు దొరికిన కాగితం నాకు చూపించారు. థావత్తు నల్లముద్ద. అంటే మంగళవారం కాగితం. నాగశ్రీ పార్వతీపురంలో ఉన్న రోజు కాగితం. సీలు చేసిన పత్రాల్లో ఏదైనా పక్కన పెట్టి భూతద్దంతో చూడండి, ఎవరికైనా తెలుస్తుంది. కాగితం మీద పసుపు మరక ఉంది. నాగశ్రీ అన్నం తింటూ ముట్టుకుందని కమిటీవాళ్లు రాశారు. ఒక మూల నుంచి కోసుగా చుట్టిన మడత కూడా ఉంది. దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

ఆ మడత మా అమ్మది. అమ్మ రోజూ ఒంటిగంటకి నాకు క్యారేజీ తెస్తుంది. వెళ్తూ వెళ్తూ అట్టపెట్టెలో ఒక పక్క తెల్లగా ఉన్న కాగితాలన్నీ కొట్టుకి పట్టుకెళ్తుంది. పదకొండేళ్లుగా ఇదే. మంగళవారం కూడా, "ఏట్రా ఇన్ని పారేసేవు? పసుపు పొట్లాలకి పనికొస్తాయి కదేటి" అంది. నేను తల కూడా ఎత్తలేదు, తీసుకెళ్లమన్నాను. నాగశ్రీ కంట పడకూడదని ఫ్లాపీ జేబులో దాచుకున్న మనిషిని, అచ్చేసిన ప్రశ్నపత్రం బజారులో పసుపు కట్టడానికి పంపించాను.

నిన్న నాలుగింటికే నాకు తెలిసింది. అయినా చెప్పలేదు. అమ్మకి అరవై ఆరేళ్లు, పోలీసులు కొట్టుకి వస్తారని భయపడ్డాను. నా పని పోతుందనీ భయపడ్డాను. పొద్దున్న నాగశ్రీని పిలిచారని తెలిసి పరుగెత్తి వచ్చాను. వచ్చి కూడా మొదటి రెండుసార్లు చుక్కల గురించే చెప్పాను, అమ్మ గురించి చెప్పలేదు. అందుకే ఎస్సై గారికి అర్థం కాలేదు. తప్పు ఆయనది కాదు.

రెండోసారి చెప్పాక కొట్టుకి వెళ్లి వెతికితే ఆరు కాగితాలు దొరికాయి, ఇక్కడ పెట్టాను. ఒకటి మీ దగ్గరే ఉంది. మిగతా రెండు ఎవరింట్లో ఉన్నాయో తెలియదు. లెక్కల పత్రం మార్చమనండి. నాగశ్రీకి ఏ సంబంధమూ లేదు. రామతులసికి హాల్ టికెట్ ఈ సాయంత్రంలోగా ఇవ్వమని ఎస్సై గారు బడికి రాసి పంపాలని కోరుతున్నాను.

పైదంతా సింహాచలం గారు నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అబద్ధం లేదు. మా అమ్మ కూడా వచ్చి, పొట్లాలు కట్టింది తానేనని చెప్పింది. సంతకం పెట్టమన్నారు. ఫిర్యాదు కాగితంలో అనుమానం ఎవరి మీద అన్నచోట ఇంకా నాగశ్రీ పేరే ఉంది. అది కొట్టేసి నా పేరు రాస్తేనే పెడతానన్నాను. పావుగంట మాటలు జరిగాయి. మూడూ నలభైకి ఎస్సై గారు కొట్టేసి నా పేరు రాశారు. బయట అమ్మ గొంతు వినబడింది: "అమ్మీ, లెగు. ఇంటికెల్లి పిల్లకి అన్నం ఎట్టు, రేపు పరీచ్చ."

ఆ తర్వాత సంతకం పెట్టాను.

(సం.) కన్నారావు
బంగారమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
రాసినవారు: సింహాచలం, హెడ్ కానిస్టేబుల్