మూడు గీతల బుట్ట

నూజివీడు, 1964 వేసవి. ఆసుపత్రి కమిటీ మీటింగుకి ఇంకా అరగంట ఉందనగా, ప్రెసిడెంటు లక్ష్మీనరసింహారావు నర్సు రిబ్కమ్మ గదికి వచ్చాడు.

"ఈ కాగితం నువ్వే రాశావా, రిబ్కమ్మా?"

"నేనేనండీ. డాక్టరు గారు చదివి సంతకం పెట్టారు."

"మీటింగులో చదివితే నవ్వుతారు. పిచ్చిపట్టిన పిల్లలకి వేరే గదంట, రెండు మంచాలంట, పగలూ రాత్రీ పక్కన ఓ మనిషంట. ఇక్కడ టైఫాయిడ్ వాళ్లకే మంచాల్లేక వరండాలో పడుకోబెడుతున్నాం."

"పిచ్చి అని రాయలేదండీ."

"మరేం రాశావ్?"

"మనసు బాగోక, ఇవాళో రేపో ప్రాణం తీసుకునేలా ఉన్న పిల్లలు, ఇరవై ఏళ్ల లోపు వాళ్లు, అని రాశాను. ఏ రోజు వచ్చినా చేర్చుకోవాలని రాశాను."

"వాళ్ల కోసమేగా సోమవారం పెట్టాం. బెజవాడ నుంచి పిచ్చి డాక్టరు వచ్చేది ఆ ఒక్కరోజే. మిగతా రోజుల్లో వీళ్లొచ్చి కేకలు పెడుతుంటే వార్డులో వాళ్లకి నిద్రుండదు. అందుకే కదా రూలు పెట్టింది."

"పెట్టింది మీరే కదండీ."

"నేనే. తప్పా?"

"జ్వరమొస్తే సోమవారం దాకా ఆగమని చెప్పం కదండీ."

"మాటలు బాగానే చెబుతావ్. సరే, గది ఇద్దాం. కిటికీలకి ఊచలు, తలుపుకి గట్టి తాళం. ఇనుము నేనిప్పిస్తా. మనిషెందుకు?"

"తాళం వద్దండీ. తాళాలు వాళ్లిళ్లలో ఉన్నాయి, వాళ్లని పెట్టి మూసే తోటల్లో పాకలకి ఉన్నాయి. మనం పెట్టాల్సింది స్టూలు."

"స్టూలా?"

"మంచం పక్కన స్టూలు. దాని మీద మన ఆయా అచ్చమ్మలాంటి మనిషి. ఏం అడగదు, బుద్ధులు చెప్పదు. ఊరికే కూర్చుంటుంది. డాక్టరు గారొచ్చేదాకా ప్రాణం నిలిస్తే చాలు కదండీ."

"ఇంత పట్టు ఎందుకు పట్టావ్? నీ వాళ్లెవరన్నా..."

"నా వాళ్లు కాదు. పోయినేడు మామిడి కోతలప్పుడు ఓ తల్లి వచ్చింది. గురువారం. కూతుర్ని తీసుకుని."

"కోతలప్పుడా."

"అవునండీ. అప్పుడే కదా మీ ఇంట్లో కూడా... క్షమించండి. గుర్తు చేయకూడదు."

"పర్లేదు. మా అమ్మాయి బావిలో నీళ్లు తోడుతూ కాలు జారింది. అందరికీ తెలిసిందేగా. నువ్వు చెప్పు."

"ఆ పిల్లకి పదిహేడేళ్లుంటాయి. మూడు వారాలుగా నిద్ర లేదంట. కంచం ముందు కూర్చుని ఏడుస్తుందంట. రెండుసార్లు చావబోతే తల్లి పట్టుకుందంట."

"ఏ ఊరు?"

"రిజిస్టర్లో చాట్రాయి అని రాయించింది. పిల్ల పేరు రమణమ్మ. అబద్ధమే లెండి."

"అబద్ధమని నీకెలా తెలుసు?"

"రమణమ్మా అని పిలిస్తే ఆ పిల్ల తలెత్తలేదండీ. ఈ రోగానికి వచ్చేవాళ్లు సగం మంది పేరూ ఊరూ మార్చే చెబుతారు. పరువు. నేనొచ్చి అప్పటికి నెల కాలేదు, ఎవరు ఎవరి మనుషులో నాకేం తెలుసు?"

"తండ్రి రాలేదా?"

"తండ్రి పేరడిగితే ఆవిడ బెదిరిపోయింది. ఆయనకి తెలియదమ్మా, పుట్టింటికని చెప్పి వచ్చాను, పిల్లని ఆసుపత్రికి తెచ్చానని తెలిస్తే నన్ను బతకనివ్వరు అంది."

"పుట్టింటికని..."

"ఏంటండీ?"

"ఏం లేదు. చెప్పు. చేర్చుకున్నావా?"

"రూలుంది కదండీ. సోమవారం రమ్మన్నాను."

"నువ్వా?"

"నేనే. ఈ నోటితోనే. ఈ ఒక్క పూటా ఉంచుకో తల్లీ అని నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. రూలమ్మా అన్నాను. ఒక మాట చెప్పనా, కోప్పడరు కదా?"

"చెప్పు."

"ఆ వారమే మునసబు గారి మేనల్లుణ్ణి ఇదే రోగానికి మంగళవారం చేర్చుకున్నాం. చీటీ మీరే రాసిచ్చారు. పేరు చెప్పుకోగలిగిన వాళ్లకి సోమవారం లేదండీ. పేరు దాచుకున్న వాళ్లకే."

"సోమవారం వచ్చారా?"

"రాలేదు. చూశాను. ఆ పై సోమవారమూ చూశాను. ఎక్కడో బతికే ఉందని అనుకుంటానండీ. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టదు. నాకోసమని బుట్టెడు చిన్నరసాలు తెచ్చింది, వద్దన్నా వదిలేసి వెళ్లింది. ఒక్క పండు తినలేకపోయాను, వార్డులో పంచేశాను. బుట్ట అదిగో, దూది పెట్టుకున్నా."

"ఏదీ. ఇటు తిప్పు."

"ఎటండీ?"

"మార్కెట్టుకి పోయే బుట్ట మీద తోట గుర్తుంటుంది. జాజు రంగుతో వేస్తారు."

"ఇదిగోనండీ. ఎర్రగా మూడు గీతలు. మధ్యది వంకరపోయింది... ఏంటండీ? కూర్చోండి. కూర్చోండి బాబూ. ఈ నీళ్లు తాగండి."

"సోమవారం ఎలా వస్తుందమ్మా, శనివారమే పోతే."

"ఎవరండీ పోయింది?"

"ఏడాదిగా దాని తల్లిని తిడుతున్నాను. కన్నతల్లివై ఉండి పిల్లని కనిపెట్టుకోలేకపోయావా అని. ఆవిడ ఒక్కసారి ఎదురు చెప్పలేదు. ఇక్కడికి తెచ్చానని ఒక్కసారి అనలేదు."

"బాబుగారూ..."

"ఈ కాగితం మీటింగులో నేనే చదువుతాను. నవ్వేవాడు నవ్వనీ. ముందు ఆ రిజిస్టరు తియ్యండి."

"తీస్తానండీ. మీరు నీళ్లు తాగండి ముందు."

"చాట్రాయి కొట్టేసి మా ఊరు, ముసునూరు అని రాయండి. రమణమ్మ కొట్టేసి సత్యవతి అని రాయండి. తండ్రి పేరు దగ్గర నా పేరు రాయండి."

"రాస్తున్నానండీ."

"మా బుట్టలకి గుర్తు వేసేది మా సత్యవతేనమ్మా. పోయినేడు చెయ్యి వణికి గీత వంకరపోతుంటే, కళ్లు కనపడట్లేదా, తిన్నగా వెయ్యమని అరిచాను."