పాస్‌వర్డు నోటితోనే చెప్పబడును

అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు కాబట్టి, తోడికోడళ్ళిద్దరూ దర్జీ కొట్లో కలుసుకున్నారు. బల్ల మీద కూర్చున్న వాళ్ళ వంతు రావడానికి ఇంకా చాలా టైముంది. ముందుగా పెద్దావిడే కదిపింది.

"పొద్దున ఫోన్లో చెప్పినట్టు ముక్కలుముక్కలుగా కాదు, మొదట్నుంచీ చెప్పు. నిన్న సాయంత్రం మీ బావగారు ఆఫీసు నుంచి ఈల వేసుకుంటూ వచ్చారు. ఆయనకి ఈల వెయ్యడం వచ్చని ఇన్నేళ్ళ కాపరంలో నాకు తెలీదు."

"మా ఇంట్లోనూ అంతే అక్కా. ఈయన అడిగి మరీ మారు వడ్డించుకున్నారు."

"అసలేం జరిగిందే? అడిగితే, ఏముంది, ఆఫీసు పని అన్నారు."

"ఆఫీసు పనే. డిపోలో బావగారు నడిపే కంప్యూటర్ సర్వీసుందిగా, ఏ బస్సు ఎక్కడుందో చెప్పేది. ఈయన వాళ్ళ కంపెనీలో రాసిన ప్రోగ్రాం అస్తమానం దాన్ని అడిగి, స్టాపుల్లో బోర్డుల మీద చూపిస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా చెప్పేది. సోమవారం నుంచి యూజర్‌నేమూ పాస్‌వర్డూ ఇస్తేగానీ పలకదట."

"ఆ గొడవే కదూ ఇంతదాకా తెచ్చింది."

"అదే. ఆమధ్య డిపో వాళ్ళతో మీటింగులో ఈయన నోరు ఊరుకోలేదు. పదిమందిలో, తలుపు లేనిదాన్ని సర్వీసనరు, సత్రమంటారు అనేశారు. ఈ పనిలో ఓనమాలు దిద్దించిన అన్నయ్యని పట్టుకుని."

"ఆ సత్రం మాట మీ బావగారికి ముల్లులా దిగిపోయింది. తమ్ముడంటే ప్రాణం పెట్టే మనిషి, వాడి పేరెత్తితే పేపరు అడ్డం పెట్టుకునేవారు. అలిగితే అలిగారు గానీ, కూర్చుని ఆ తలుపేదో కట్టారు. వాడన్నది నిజమేగా అని నాతో అన్నారు. వాడితో మాత్రం అనలేదు."

"ఆ తలుపుని సోమవారానికి ముందే పరీక్షకి పెడితే, దాని ముందు మొదట నిలబడింది ఈయనే. ప్రోగ్రాం నడిపితే నాలుగొందల ఒకటి అని వచ్చింది. అదేంటండీ అంటే, 'నువ్వెవరు' అని అడుగుతోందిట. మళ్ళీ నడిపారు, మళ్ళీ అదే. 'సొంత తమ్ముణ్ణి పట్టుకుని నువ్వెవరంటాడా' అని ల్యాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళిపోయారు."

"అడిగింది మిషనే, మీ బావగారు కాదు."

"నేనూ అదే అన్నాను. కాస్త చల్లబడ్డాక పనంతా చేశారులే. పేరుకో గడి, పాస్‌వర్డుకో గడి పెట్టారు. ప్రోగ్రాం వెళ్ళినప్పుడల్లా ముందు తనెవరో చెప్పుకుని, ఆ తర్వాతే బస్సుల సంగతి అడిగేలా మార్చారు. యూజర్‌నేమ్ మెయిల్లో వచ్చింది. పాస్‌వర్డు దగ్గరే వచ్చింది చిక్కు. 'భద్రతా నియమముల రీత్యా పాస్‌వర్డు ఫోనులో, నోటితోనే చెప్పబడును' అని రాసుంది."

"ఊఁ."

"ఏంటక్కా, ఊఁ అంటున్నావు?"

"ఏం లేదు. చెప్పు నువ్వు."

"ఈయన చస్తే ఫోను చెయ్యనన్నారు. నన్ను చెయ్యమన్నారు. బావగారు నా ఒంట్లో ఎలా ఉందని అడిగారు, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. పాస్‌వర్డు మాత్రం, ప్రోగ్రాం రాసినవాళ్ళకే చెప్పాలమ్మా, రూలు అన్నారు. మేనేజరు చేత చేయిస్తే ఆయనకీ అదే జవాబు. సోమవారం పొద్దున బోర్డులు నల్లమొహాలేసుకుంటే పూచీ నీదేనని మేనేజరు తేల్చేశాడు."

"అప్పుడు చేశాడా?"

"చేశారు. లేచి నిలబడి మరీ. నమస్కారం సార్, పాస్‌వర్డు చెప్పండి సార్ అని. అటు బావగారు కూడా, రాసుకోండి అన్నారు. వినేవాళ్ళెవరైనా వియ్యంకులనుకుంటారు."

"ఖర్మ. తర్వాత?"

"ఆయన చదివారు, ఈయన కొట్టారు, థాంక్స్ చెప్పి పెట్టేశారు. స్క్రీను చూస్తూ కాసేపు గడ్డం గోక్కున్నారు. మళ్ళీ ఫోను చేశారు. పడలేదు సార్, ఇంకోసారి చెప్తారా అని."

"పడలేదా?"

"అలా అన్నారు. బావగారు మళ్ళీ మొదలెట్టారు, ఈసారి మెల్లిగా, చిన్నపిల్లలకి డిక్టేషను చెప్పినట్టు. సున్నానా, ఓ అక్షరమా అని ఈయన. సున్నా అని ఆయన. కాదు కాదు, ఓ అని మళ్ళీ ఆయనే. అలా కాసేపు నలిగాక ఈయనకి విసుగొచ్చి, 'అన్నయ్యా, ముందు నువ్వు కళ్ళజోడు మార్చు' అన్నారు."

"అన్నయ్యా అన్నాడా?"

"అన్నాకగానీ తెలీలేదు నోరు జారిందని. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఉండిపోయాను. ఫోను స్పీకర్లో ఉంది. బావగారేమో, 'మార్చాలిరా. డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణీ వెళ్ళబుద్ధి కావట్లేదు' అన్నారు."

"నేనొస్తానంటే వద్దన్నారే మహానుభావుడు."

"మంగళవారం ఈయన తీసుకెళ్తున్నారు. ఇంక ఆ తర్వాత పాస్‌వర్డు ఊసు ఎవరెత్తారు? సత్రం మాటా వచ్చింది. ఈయన తప్పయిందన్నారు. మాట తప్పు కాదురా, పదిమందిలో అన్నావే, అదీ అని బావగారు... ఏంటక్కా, కళ్ళు తుడుచుకుంటున్నావు?"

"దర్జీ కొట్టు కదే. నూలు దుమ్ము."

"ఏమైనా ఆ రూలు పెట్టినవాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. అదే లేకపోతే ఇద్దరూ మెయిళ్ళు రాసుకుంటూ ముసలాళ్ళయిపోయేవారు."

"అలాంటి రూలే లేదు."

"లేకపోవడమేంటి? నేను నా కళ్ళతో చదివాను."

"మిగతా కంపెనీలన్నిటికీ పాస్‌వర్డు లింకులో వెళ్ళింది. ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు. నోటితోనే అన్న ముక్క మీ ఆయనకి వచ్చిన మెయిల్లో తప్ప ఇంకెందులోనూ లేదు. పంపేముందు మీ బావగారు నాకు చదివి వినిపించారు, 'చెప్పబడును' అంటే వాడు నమ్ముతాడంటావా అని. నీ దగ్గరే ఉంచుకో. మీ ఆయనతో అనకు."

"అననులే. అయితే నువ్వూ ఓ సంగతి బావగారితో అనకూడదు."

"ఏమిటది?"

"ఈయన స్క్రీను నాకు కనబడుతూనే ఉందక్కా. పాస్‌వర్డు మొదటిసారికే పడింది. బస్సులన్నీ వరసగా వచ్చేశాయి. వాటిని చూస్తూనే మళ్ళీ ఫోను చేశారు."