ఏడో రోజు నీళ్లు

కాదు వకీలు సార్, ఆ కాగితం ఇంకోసారి చదివితే మాత్రం మారిపోతుందా? మూడుసార్లు చదివినారు. కాఫీ చల్లారిపోయింది. మా ఆయన సంతకం ఉంది, కోదండరామ మరిది సంతకం ఉంది, ఇంకేం కావాలి?

రేపు పది గంటలకు కోర్టులో ఇచ్చి, రెండు ఇళ్లూ రాజీ పడినాయని చెప్పేస్తే అయిపోయింది. లేదంటే రేపు మొదటి సాక్షిని నేనే కదా! బొగ్గుతో నడిచే ఆ బస్సులో పొగ మింగుతా వచ్చి, బోనెక్కి, ప్రమాణం చేయాలి. అయ్యో, నా వల్ల కాదు.

ఏమిటీ? గెలిచే కేసా? ఆరేళ్లుగా ఇదే మాట చెప్తా ఉన్నారు. అవతలి వకీలు కూడా వాళ్లకి ఇదే చెప్తా ఉన్నాడంట, గోమతి చెప్పింది. అదే, కోదండరామ పెండ్లాం, నా తోడికోడలు. ఇద్దరూ గెలిచే కేసు లోకంలో ఇదొకటే అయుంటుంది.

నవ్వండి, నవ్వండి. తప్పేం లేదు.

బావి ఒకటి, ఇళ్లు రెండు. మా మామగారూ ఆయన తమ్ముడూ, అదే కోదండరామ నాయన, భాగాలు పంచుకునేటప్పుడు మూడు రోజులు మాకు మోట, మూడు రోజులు వాళ్లకి అని రాసుకున్నారు. వారానికి ఏడు రోజులని అంత పెద్దమనుషులకి తోచలేదు చూడండి! ఆ ఏడో రోజు, ఆదివారం, ఎవరికి అవసరమైతే వాళ్లు ఒక మాట అడిగి ఎద్దులు కట్టేవాళ్లు. ఇరవై ఏళ్లు అట్లే జరిగింది. ఆరేళ్ల కింద ఒక ఆదివారం కోదండరామ అడగకుండా కట్టినాడు. మా ఆయన పోయి కాడి విప్పేసినాడు. అంతే, కోర్టు.

చావడిలో పెద్దలు పిలవలేదా అంటారా? పిలవక! నాలుగుసార్లు పిలిచినారు. మాది తప్పన్నప్పుడు మేం లేచి వచ్చేసినాం. వాళ్లది తప్పన్నప్పుడు వాళ్లు లేచిపోయినారు. ఓడిపోయేదానికి ఎవరు చాప మీద కూర్చుంటారు?

మరి ఇప్పుడు రాజీ ఎట్లా కుదిరిందా? అదీ, అట్లా అడగండి. రంగమ్మాళ్ అవ్వ వచ్చింది. ఆమె మా రెండు ఇళ్ల ఆడపడుచు, మా మామగారికి అక్క. మంసాపురంలో ఉంటుంది. పోయిన మంగళవారం బండి కట్టించుకుని వచ్చింది. దిగుతానే, "నేను తీర్పు చెప్పేదానికి రాలేదురా. ఆ తెలివి నాకు లేదు. మీరే చెప్పుకోండి, నేను వింటాను" అనింది.

మగవాళ్లిద్దరినీ తిన్నె మీద ఎదురెదురుగా కూర్చోబెట్టింది. మా ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతే, "ఆగరా సంజీవీ! నీ గోడు నువ్వు చెప్పొద్దు. వాడి గోడు నువ్వు చెప్పు. వాడు 'అవును, అంతే' అనేదాకా చెప్పు. తర్వాత నీది వాడు చెప్తాడు" అనింది.

మా ఆయన ముఖం మీరు చూడాల్సింది సార్! వేపాకు నమిలినట్టు ఉండింది.

"వీడికి పొగరు" అన్నాడు. "అంతేనా కోదండరామా?" అనింది అవ్వ. "కాదు" అన్నాడు అతను. "అయితే దురాశ." "కాదు." అట్లా ఎనిమిదిసార్లు! నేను తలుపు వెనక నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకున్నాను. తొమ్మిదోసారి మా ఆయనకు విసుగొచ్చి, "కొబ్బరి మొక్కలు పెట్టినాడు, చిత్తిరై ఎండకి మాడిపోతాయని భయం వీడికి" అన్నాడు.

కోదండరామ తలెత్తి మా ఆయన్ని చూసినాడు. తర్వాత "అవును, అంతే" అన్నాడు.

ఇక అతని వంతు. అతను ఒక్క మాటలో చెప్పేసినాడు. "అన్నకి తై, మాసి నెలల్లో పత్తికి తడి కావాలి. అప్పుడు తప్పితే కాయ నిలవదు."

చూస్తిరా? మాకు చలి పోయే ముందు కావాలి, వాళ్లకి నడి ఎండాకాలంలో కావాలి! ఆ నీళ్లు దేనికి అని ఆరేళ్లలో ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు. కోపం వద్దు, మేమూ చెప్పలేదు కదా. తై, మాసి ఆదివారాలు మావి, చిత్తిరై, వైకాసి వాళ్లవి. మిగతా నెలల్లో ముందురోజే మనిషిని పంపి అడగాలి. ఆ కాగితంలో ఉన్నది ఇంతే.

ఇంకేం అడ్డం? దావాలో మూడో పేరానా?

ఓ. అదా.

పెళ్లి పిలుపుకి పోతే గోమతి నా ముఖం మీద తలుపు వేసిందని రాసినారు కదా మీరు. దాన్ని వాపసు తీసుకునేదానికి మా ఆయన ఒప్పుకున్నాడా అని అడుగుతా ఉన్నారు. ఒప్పుకున్నాడు. "పోనీలే, మన్నించినాను" అన్నాడు, చాలా పెద్ద మనసుతో.

కుర్చీ కొంచెం ఇటు జరుపుకోండి. మా ఆయన బయట తిన్నె మీదే ఉన్నాడు.

మగవాళ్ల పని అయినాక అవ్వ మమ్మల్ని ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టింది సార్. అదే పద్ధతి. గోమతి గోడు నేను చెప్పాలి. నాకు తొమ్మిదిసార్లు పట్టలేదు. మొదటిసారే చెప్పేసినాను.

మా పెద్దదాని పెళ్లికి మదురైలో పత్రికలు అచ్చు వేయించినాం. మా వీధిలో అదే మొదలు. మనలో తోడికోడల్ని పిలవాలంటే కుంకుమ భరిణె పట్టుకుని పోయి, నుదుట పెట్టి పిలవాలి కదా. నాకేమో, ఆ పత్రికని పోస్టుమాన్ వీధిలో పేరు పెట్టి పిలిచి ఇస్తే ఎంత గొప్పగా ఉంటుందో అనిపించింది. స్టాంపు అంటించి పోస్టులో వేసినాను. ఎదురింటికి!

అవమానించాలని కాదు, ఒట్టు. ఆమెకీ గొప్పగా ఉంటుందనుకున్నాను. ఆమె పెళ్లికి రాలేదు. "పోయి పిలవలేదా?" అని మా ఆయన అడిగితే, "పోయినాను, తలుపు వేసేసింది" అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా! ఆ వచ్చే ఆదివారమే కోదండరామ అడగకుండా ఎద్దులు కట్టింది, ఈయన కాడి విప్పింది.

గోమతి ఏమనిందా? "అవును, అంతే" అనింది. పొయ్యిలో కట్టె ఎగదోస్తా, "స్టాంపు దండగ" అనింది.

కాబట్టి మూడో పేరా కొట్టేయండి సార్. ఆ తలుపు దగ్గరికే పోని దాన్ని, రేపు దేవుడి మీద ప్రమాణం చేసి ఏమని చెప్పేది?

ఆయనకి చెప్పాలా? చెప్తాను లెండి. గోమతి చెప్పకముందే చెప్పాలి, వేరే దారేముంది! ముందు మీ బస్సు కదలనీయండి.